ఒక్క చెట్టు మాట మీద

మా సారు పోయారు. మొన్న బుధవారం మాదాపూర్‌లో ఆఫీసు లిఫ్టు కోసం నిలబడి ఉండగా సారు భార్య, మా ఆంటీ, ఫోన్ చేశారు. “బిడ్డా, సారు లేడు. పొద్దుగాల చాయ్ తాగి కుర్చీల కూసున్నడు. పేపర్ ఒళ్ళె అట్లనే ఉంది” అన్నారు. ఆవిడ గొంతు మామూలుగానే ఉంది. లిఫ్టులు వస్తున్నాయి, పోతున్నాయి, నేను మాత్రం ఎక్కలేదు.

సారు నాకు పాఠం చెప్పిన మనిషి కాదు. కాలేజీలో బాటనీ చెప్పి రిటైరయ్యారు. కొండాపూర్‌లో వాళ్ళింటి పై పోర్షన్‌లో నేను మూడేళ్ళు కిరాయికి ఉన్నాను. మాది గుంటూరు వైపు. సాఫ్ట్‌వేర్‌లో తప్పులు వెతకడం నా ఉద్యోగం, తప్పులన్నీ ఎదుటివాళ్ళే చేస్తారనే పొగరు కూడా కాస్త ఉండేది. తెలంగాణ ఉద్యమం ఊపు మీదున్న రోజులవి. బంద్ అంటే క్యాబులు రావు, బస్సులు తిరగవు, ఊళ్ళో మా అమ్మకి నిద్ర పట్టదు. “తలుపేసుకున్నావా?” అని గంటకోసారి ఫోను. ఉండబట్టలేక ఒకరోజు సారునే అడిగేశాను.

“రాష్ట్రం వచ్చేస్తే మమ్మల్ని ఖాళీ చేయమంటారా సార్?”

ఆయన తల ఎత్తలేదు. “మా పంచాయితి నీతోటి కాదు బిడ్డా. జర నీడ పడకుంట జరుగు” అన్నారు.

నా నీడ పడింది ఒక టేకు బిళ్ళ మీద. చెట్టు కొట్టేశారని తెలిస్తే చాలు, సారు అక్కడ ప్రత్యక్షం. మొదలు దగ్గర అడ్డంగా ఒక బిళ్ళ కోయించుకుని, ఇంటికి తెచ్చి, కింద పార్కింగ్‌లో కూర్చుని గరుకు కాగితంతో రుద్దేవారు. స్కూటరు బయట ఎండలో, బిళ్ళలు లోపల నీడలో! ఆంటీ తిట్టని రోజు లేదు. టేకు ఏడాదికో వలయం వేస్తుంది. వానలు బాగా పడిన ఏడు వెడల్పుగా, కరువు ఏడు సన్నగా. చెట్టు కొట్టిన ఏడు మనకు తెలుసు కాబట్టి బెరడు నుంచి లోపలికి లెక్కపెట్టుకుంటూ పోతే ఏ వలయం ఏ ఏడాదిదో తేలుతుంది. పది వలయాలకొక గుండుసూది గుచ్చేవారు. ఒకసారి ఒక సూది పక్కన వేలు పెట్టి, “ఇగో, అరవై తొమ్మిది. మేం పోరగాళ్ళం తెలంగాణ కోసం లొల్లి చేసి పరీక్షలు పోగొట్టుకున్న ఏడు. దీనికి మాత్రం నీళ్ళు మంచిగ దొరికినయి” అని నవ్వారు.

ఆయన పట్టుదల ఒకటుంది. ఒక చెట్టు చూసి ఏదీ తేల్చరు. ఇంకో చోట పెరిగిన ఇంకో టేకు బిళ్ళ తెచ్చి, రెండింటినీ పక్కపక్కన పెట్టి, సన్న వలయాలు రెండింట్లోనూ ఒకే ఏడు పడ్డాయా అని చూసేవారు. “ఒక్క చెట్టు మాట మీద తీర్పు చెప్పొద్దు బిడ్డా. చెట్టు అబద్ధమాడదు గని, చదివేది మనం గద” అనేవారు. నేను తల ఊపేదాన్ని. తల ఊపడానికేముంది!

మా సందు చివర జొన్నరొట్టెలు చేసే అవ్వ ఉండేది. చుట్టూ ఇన్ని అపార్ట్‌మెంట్లు రాకముందు నుంచీ ఆ పెంకుటింట్లోనే ఉన్న మనిషి. సాయంత్రం ఆఫీసుల నుంచి వచ్చేవాళ్ళమంతా ఆమె పొయ్యి చుట్టూ చేరేవాళ్ళం. ఆమె పుట్టిన ఏడు వాళ్ళ నాన్న బావి పక్కన ఒక టేకు మొక్క నాటాడట. ఎన్నో ఏడని అడిగితే, “పోలీస్ యాక్షన్ అయినంక. ఎన్నేండ్లకో ఎవలకెరుక?” అనేది. అంటే నలభై ఎనిమిది తర్వాత. రోడ్డు వెడల్పు చేస్తూ ఆ చెట్టును కొట్టేశారు. సారు బిళ్ళ అడగడానికి వెళితే, అవ్వే ఆయన్ని ఒకటి అడిగింది.

“సారూ, నేను పుట్టిన ఏడే మా బాయెండిందని మా మేనత్త అనేది. కరువుదాన్నని పేరు వెట్టింది. విత్తనాలు వేసే రోజు నన్ను అర్రల వెట్టి గొళ్ళెం వేసేటోళ్ళు. పెండ్లయినంక అత్తగారింట్ల గూడ గంతే. నా చెయ్యి ఏనాడూ విత్తనం ముట్టలే. ఇది నిజమా, అబద్ధమా? నీ కట్టె చెప్తదా?”

“చెప్తది అక్కా. జర టైమియ్యి” అన్నారు సారు.

ఆ వారం బంద్ మీద బంద్. ఇంట్లో గోళ్ళు గిల్లుకుంటున్న నాకు సారు భూతద్దం ఇచ్చి లెక్కపెట్టమన్నారు. బయటి నుంచి మొదలుపెట్టి, గుండుసూదులు గుచ్చుకుంటూ నడిబొడ్డు దాకా వచ్చాను. చూద్దును కదా, అక్కడ నాలుగు గీతలు ఒకదాన్నొకటి ఆనుకుని ఉన్నాయి! సన్న వలయాలు, అంటే పుట్టీ పుట్టగానే కరువు. సారు కూడా చూశారు. “అట్లనే కనవడుతున్నది. ఇంకో చెట్టు చూసేదాక మాత్రం నోరు తెరవకు” అన్నారు.

తెరిచాను. ఆ సాయంత్రమే రొట్టెల కోసం వెళ్ళి, ఏదో కనిపెట్టేసినదానిలా, “అవ్వా, మీ మేనత్త అన్నది నిజమేనండి. చెట్టులో ఉంది” అని చెప్పేశాను. ఇప్పుడు రాస్తుంటే కూడా చెంపలు వాయించుకోవాలనిపిస్తోంది.

అవ్వ పెనం మీది రొట్టె తిప్పడం మరిచిపోయింది. అది మాడింది. “కట్టె గూడ గదే చెప్పిందా” అంది, అంతే. మర్నాడు పొయ్యి వెలగలేదు. ఆ మర్నాడూ లేదు.

ఏడుస్తూ వెళ్ళి సారుకి చెప్పాను. తిడతారనుకున్నాను, తిడితే బాగుండేది కూడా. ఆయన కాసేపు బిళ్ళ వంక చూసి, చెప్పులేసుకున్నారు. శేరిలింగంపల్లి దగ్గర అదే రోడ్డు పనిలో ఇంకో టేకు కొట్టారని ఆయనకు తెలుసు. ఆ రోజు కూడా బంద్. బస్సు లేదు, ఆటో లేదు. అరవై దాటిన మనిషి నడిచి వెళ్ళి, చేసంచిలో బిళ్ళ వేసుకుని నడిచి వచ్చారు. దారిలో జెండాలు పట్టుకున్నవాళ్ళు ఆపి “ఏంది సారూ సంచిల?” అన్నారట. “కట్టె. చూస్తరా?” అని అక్కడే తీసి చూపించి, వాళ్ళకూ వలయాల పాఠం చెప్పి, జై తెలంగాణ అని వచ్చారట. అదీ ఆయన!

రాత్రి అన్నం కూడా వద్దన్నారు. తెల్లారి ఇద్దరం రెండు బిళ్ళలూ పక్కపక్కన పెట్టుకుని కూర్చున్నాం. రెండో చెట్టులో కరువు వలయాలు రెండు స్పష్టంగా ఉన్నాయి. అవే రెండు అవ్వ చెట్టులోనూ ఉన్నాయి, నడిబొడ్డున కాదు, బాగా బయటికి, చెట్టుకు ఎనిమిదో ఏడు దాటాక. మరి నడిబొడ్డులో నేను చూసిన నాలుగు గీతలు? సారు భూతద్దం నా చేతికిచ్చారు. నిజమైన వలయం మొదట్లో పెద్ద పెద్ద రంధ్రాల వరుస ఉంటుంది. ఆ నాలుగింట్లో మూడింటికి అది లేదు. చుట్టూ పూర్తిగా తిరిగినవి కూడా కావు, సగంలో మాయమవుతున్నాయి. వెడల్పైన వలయం లోపల పడ్డ ఉత్తుత్తి గీతలవి. ఎండాకాలంలో పెరగడం ఆపేసిన చెట్టుకు ఎక్కడి నుంచో నీళ్ళు అందితే, కాస్త పెరిగి మళ్ళీ ఆగుతుంది. అప్పుడు పడతాయట అలాంటివి.

“నేనే వెళ్ళి చెప్పి కాళ్ళు పట్టుకుంటాను సార్” అన్నాను.

“తొందర నీది, లెక్క నాది. నేను చెప్త. నువ్వు బిళ్ళ పట్టుకో.”

అవ్వ అరుగు మీద కూర్చుని ఉంది. మమ్మల్ని చూసి మొహం తిప్పుకుంది. సారు నేల మీదే కూర్చున్నారు.

“అక్కా, తప్పు చదివిన. నాదే తప్పు. ఒకటి అడుగుత, యాది చేసుకో. చెట్టు చిన్నగున్నప్పుడు దాని పక్కన ఏముండె?”

“ఏముంటది? బండ. మా అమ్మ బాయి నీళ్ళు తోడి ఆ బండ మీదనే నాకు తానం పోసేదంట.”

“ఎండాకాలం గూడ?”

“పసిపిల్లకు తానం బందు వెడతరా సారూ?”

“నీ తానం నీళ్ళే అక్కా ఇవి” అని సారు ఆ మూడు గీతల మీద వేలు పెట్టారు. “బాయిల నీళ్ళున్నయి గనుకనే నీకు పోసిండ్రు, నీకు పోసినయే దీనికి పారినయి. కరువు ఇగో, ఇక్కడుంది. అప్పటికి నీకు ఎనిమిదో తొమ్మిదో ఏండ్లు. ఒక ఏడు అటో ఇటో.”

అవ్వ ఆ గీత మీద తన వేలు పెట్టింది. తర్వాత మెల్లగా అంది, “బాయెండినప్పుడు నేను బిందె మోసిన సారూ. గుట్ట అవతలికెల్లి మోసిన. నెత్తి మీద పొక్కులొచ్చినయి. అది వేరే కరువనుకున్న.” ఆమె ఏడ్చింది. నేనూ ఏడ్చాను, సిగ్గు లేకుండా. సారు భూతద్దం జేబులో పెట్టుకుని, మళ్ళీ తీసి, మళ్ళీ పెట్టుకున్నారు.

నోరు జారింది నేనైనా, నా పేరు ఆయన అవ్వ దగ్గర ఎత్తనే లేదు. ఆఫీసులో ఒక్క తప్పుకి పదిమంది పేర్లు బయటికి లాగే నాకు అది కొత్త. ఇప్పుడు నా కింద పనిచేసేవాళ్ళు తప్పు చేస్తే, ముందు ఆ చేసంచి గుర్తొస్తుంది. ఆ మేరకు నేను ఆయన శిష్యురాలినే.

ఆ ఏడు తొలకరికి అవ్వ మమ్మల్నిద్దరినీ పిలిచింది. పొలాలు ఎప్పుడో పోయాయి. గోడకూ కొత్త రోడ్డుకూ మధ్య నాలుగడుగుల మట్టి మిగిలింది, అంతే. దాన్ని తనే గుల్ల చేసింది. కొంగులో జొన్నలు. గుప్పెడు తీసింది కానీ చెయ్యి మట్టిదాకా పోవడం లేదు. అరవయ్యేళ్ళ మనిషి, వెనక్కి తిరిగి, “ఎయ్యనా సారూ?” అని చిన్నపిల్లలా అడిగింది.

“నన్నేమడుగుతవ్ అక్కా. నీ చెయ్యి, నీ మన్ను.”

అవ్వ వంగి గింజలు వదిలింది. చినుకులు మొదలయ్యాయి. సారు చెప్పులు విప్పి చేత్తో పట్టుకుని, ఆమె వేసిన సాలు తొక్కకుండా గోడకి ఆనుకుని నిలబడ్డారు. కళ్ళజోడు మీద వాన నీళ్ళు కారుతున్నా తుడుచుకోలేదు. అవ్వ ఇంకో గుప్పెడు తీసింది.