మోకాళ్లకు సున్నం పట్టు

1991లో బొల్లారంలో ఒక మందుల ఫ్యాక్టరీకి గోదాము కట్టే పని మీద నన్ను సైట్ ఇంజనీరుగా వేశారు. మేస్త్రీలకు రోజూ పొద్దున భద్రత పాఠం చెప్పడం నా బాధ్యత. పచ్చి కాంక్రీటు ఒంటికి తగిలితే వెంటనే బాగా కడగాలని, కాలిన చోట మరేదీ పూయొద్దని చెప్పేవాణ్ని. తట్టలు మోసే ఆడవాళ్లను ఆ పాఠానికి పిలిచే ఆనవాయితీ లేదు. అప్పటికే వాళ్లు ఇసుక దగ్గర పనిలో ఉండేవాళ్లు.

చిట్కుల్ నుంచి వచ్చే కిష్టయ్య గచ్చు పనిలో మొనగాడు. అతను నునుపు చేసిన నేలకు లెవెల్ పెట్టి చూసే అవసరమే ఉండేది కాదు. భార్య లక్ష్మమ్మ అదే సైట్లో తట్టలు మోసేది.

గోదాము నేల పోసిన రోజు కిష్టయ్య గోనెసంచి మడిచి, దాని మీద మోకాళ్లూని తాపీ పట్టాడు. అందరూ అలాగే చేసేవాళ్లు. ఆ సంచి సిమెంటు నీళ్లు పీల్చుకుని పొద్దంతా మోకాళ్లను కాలుస్తుందని మాలో ఒక్కరికీ తట్టలేదు. పైగా సిమెంటు కాలుస్తుంటే మొదట్లో నొప్పి తెలియదు. సాయంత్రం "జెర చురచురమంటున్నయ్ సార్" అని కడుక్కుని వెళ్లిపోయాడు.

మర్నాడూ ఆ మర్నాడూ రాకపోతే ఇంటికి వెళ్లాను. రెండు మోకాళ్ల మీదా ఎర్రగా ఎండిన పట్టు ఉంది. మంట తగ్గుతుందని లక్ష్మమ్మ సున్నంలో పసుపు కలిపి వేసింది. పాఠం విన్న కిష్టయ్యకు ఆ మంటలో నా మాట గుర్తు రాలేదు. దెబ్బ తగిలితే మా అమ్మ కూడా అదే వేసేది. కానీ సిమెంటుకు కాల్చే గుణం వచ్చేదే సున్నం వల్ల. కాలిన చోటే మళ్లీ కాలింది. సంగారెడ్డి ఆసుపత్రిలో పట్టు తడిపి తీస్తే చర్మం ఊడివచ్చింది.

పుండ్లు మానాయి కానీ చర్మం బిగుసుకుపోయి మోకాళ్లు పూర్తిగా ముడుచుకోలేదు. కూర్చోలేనివాడు గచ్చు పని చేయలేడు. అంత మంచి పనివాడు చివరికి వాచ్‌మన్‌గా గేటు దగ్గర నిలబడ్డాడు. తలచుకుంటే ఇప్పటికీ ప్రాణం ఉసూరుమంటుంది.

ఆసుపత్రి వరండాలో లక్ష్మమ్మ నన్ను అడిగింది.

"నేను పెట్టిందానికే గిట్లయిందా సార్?"

సిమెంటే ముందు కాల్చిందన్నాను. అది పూర్తి జవాబు కాదని ఆమెకూ తెలిసిపోయింది. "నేను గూడ ఆడ్నే ఉంటి గద సార్. నాకు గూడ ఓ మాట చెప్తే అయిపోతుండె" అంది.

ఆ తర్వాత రిటైరయ్యేదాకా నా సైట్లలో మోకాళ్ల కింద గోనెసంచి పెట్టనివ్వలేదు, రబ్బరు తొడుగులు ఇప్పించాను. పొద్దుటి పాఠానికి తట్టలు మోసేవాళ్లను ముందు వరుసలో నిలబెట్టాను. పుండును మొదట చూసేది ఇంజనీరు కాదు, ఇంట్లో మనిషి. ఏం చేయాలో, ఏం చేయకూడదో ముందు ఆ మనిషికి తెలియాలి.