ఐదో వంతు

“ఐగుప్తుల యోసేపు ఏడేండ్లు దాసిండు. నువ్వు ఏడు నెలలు గూడ ఉంచవైతివి. రిటైరైనంక ఏం దిందాం?”

“ఇంటి రేకులెగిరిపోతే ఆ గోపయ్య పిల్లలు ఏడ పండాలెనే?”

పక్క వాటాలో ఆశీర్వాదాన్ని భార్య మార్తమ్మ తిడుతుంటే పెంటయ్యకు నవ్వొచ్చింది. ఆశీర్వాదం మల్లాపూర్ ఫ్యాక్టరీలో ఫిట్టరు, సర్వీసు ఇంకా నాలుగేళ్లుంది. జీతం రోజున నూనె చేతులతోనే నాచారం పోస్టాఫీసు వరుసలో నిలబడి, కరువు రాకముందే ధాన్యం దాచిన యోసేపు కథ ముందువాడికీ వెనకవాడికీ చెప్పి, ఐదో వంతు జమ చేస్తాడు. ఎవరైనా కన్నీళ్లు పెట్టుకుంటే మళ్లీ అదే వరుసలో నిలబడి తీసిచ్చేస్తాడు.

మార్తమ్మ తిట్లు ఆగాక, ఆశీర్వాదం పాస్‌బుక్కు పట్టుకుని వచ్చి పెంటయ్య గడపలో కూర్చున్నాడు.

“కరువొస్తదని కలగన్నది ఫరో రాజే గాని, కొట్టు తాళాలు యోసేపు చేతుల ఉండె. జర ఈ బుక్కు నీ దగ్గర పెట్టుకో బావా. నేనొచ్చి బతిలాడినా ఇయ్యకు.”