పక్క బల్ల అమ్మాయి ముద్ర

కెనడాలోని సస్కటూన్‌లో ఫార్మసీ చదువుకునే రోజుల్లో ఊరి అంచున ఒక రిటైరైన రైతు ఇంట్లో పై గది అద్దెకు తీసుకున్నాను. భార్య పోయాక గోధుమ పొలాలు కౌలుకిచ్చేసి ఆయన ఒక్కరే ఉండేవారు. నేను అంకుల్ అని పిలిచేదాన్ని. ఆ పిలుపు ఆయనకు మొదట్లో వింతగా ఉండేది గానీ, కొన్నాళ్లకు నేను పిలవడం మర్చిపోతే ఆయనే గుర్తు చేసేవారు.

ఒక అక్టోబర్ ఆదివారం టీ పెట్టుకుందామని కిందికి దిగాను. భోజనాల బల్ల మీద పాత పేపర్లు పరిచి, వాటి మీద ఒక రైఫిల్‌ను విప్పి పెట్టుకుని కూర్చున్నారాయన. నేను గుమ్మంలోనే ఆగిపోయాను. అప్పటిదాకా తుపాకీ అంటే మా భీమవరంలో బ్యాంకు ముందు స్టూలేసుకుని కూర్చునే గార్డు ఒళ్లో చూసిందే.

"భయపడకు, తూటాలు లేవు. జింకల వేట సీజన్ వస్తోందని తుడుస్తున్నాను. నీవి చిన్న వయసు కళ్లు. ఇక్కడేదో రాసి ఉంది, చదివి పెట్టు" అన్నారు.

పైకి వెళ్లి నా బ్యాగులోంచి భూతద్దం తెచ్చాను. ఎడమ వైపు ఇనుము మీద లాంగ్ బ్రాంచ్ అని ఇంగ్లిషు అక్షరాలు, రెండో ప్రపంచ యుద్ధం నాటి ఒక సంవత్సరం, నడుమ ఎల్ అక్షరం ఉన్న ఒక నంబరు. దాని పక్కన సి అక్షరం, ఆ అక్షరం కడుపులో ఒక బాణం, కెనడా సైన్యపు గుర్తు. అక్కడితో అయిపోయిందనుకున్నాను. అద్దం కొంచెం జరిపితే మరో అంకె కనిపించింది. ఇంకొంచెం జరిపితే మరొకటి. తూటాను లోపలికి నెట్టి మూసే కడ్డీ ఉంటుంది కదా, ఆ బోల్ట్ మీద, దాని కొస మీద, కొయ్య అడుగున, ఎక్కడ చూసినా ఆవగింజంత ముద్రలు. మధ్యాహ్నం దాటేదాకా ఒక్కొక్కటే చదువుతూ పోయాను, ఆయన ఒక కాగితం మీద పెద్దక్షరాలతో రాసుకుంటూ పోయారు. టీ సంగతి ఇద్దరికీ గుర్తు లేదు.

"వీటికి అర్థం ఏమిటంటావు?" అని అడిగారు.

"ఎవరో ఒకరు ఈ ముక్కను చేతిలోకి తీసుకుని, పరీక్షించి, సరిగ్గా ఉందని ముద్ర వేశారు. ప్రతి ముద్ర వెనకా ఒక మనిషి ఉన్నట్టు" అన్నాను. మందుల తయారీలో మాకు నేర్పేదీ అదే. ఎవరు చూశారో, ఎవరు సరేనన్నారో రాసి లేని బ్యాచ్ గేటు దాటకూడదు.

ఆయన రైఫిల్ తన వైపు తిప్పుకుని దాని కథ చెప్పారు. యుద్ధం అయిపోయాక ఊళ్లోని ఇనుప సామాన్ల కొట్లో ఇలాంటివి ఒక పీపాలో గొడుగుల్లా నిలబెట్టి అమ్మేవారట. వాళ్ల నాన్న అందులోంచి ఒకటి లాగి తెచ్చి, బరువు తగ్గాలని ముందు కొయ్యను రంపంతో కోసేశారట. "మా మూడు తరాలు దీంతో కొట్టిన జింక మాంసం తిన్నాయి. అరవై ఏళ్లుగా దీన్ని పట్టుకుంటున్నాను. ఇంతమంది దీన్ని ముట్టుకున్నారని ఈ రోజే తెలిసింది" అన్నారు.

రెండేళ్లకు ఆయన చేతులు వణకడం మొదలై, ఇల్లు అమ్మి వృద్ధుల నివాసానికి మారిపోయారు. అప్పటికి నేను తుపాకుల సేఫ్టీ కోర్సు చేసి, పరీక్ష రాసి, లైసెన్స్ తెచ్చుకున్నాను. ఆయన పిల్లలెవరికీ ఆ రైఫిల్ అక్కర్లేదు. "దీన్ని చదివింది నువ్వే, నువ్వే ఉంచుకో" అని నా చేతిలో పెట్టారు.

ఉద్యోగం టొరంటో పక్కన మిస్సిసాగాలో, విమానాశ్రయం దగ్గరి మందుల కంపెనీలో వచ్చింది. క్వాలిటీ విభాగంలో పని. పెళ్లయి మావారు కరీంనగర్ నుంచి వచ్చిన కొత్తలో, బేస్‌మెంట్‌లోని ఇనుప బీరువాలో ఏముందని అడిగారు. తాళం తీసి చూపించాను.

"ఏందిది, నిజం తుపాకీనా? మనింట్లనా?"

"అవునండీ. ఎప్పుడూ తాళం వేసే ఉంటుంది."

"లైసెన్స్ ఉందా మరి?"

"ఉంది."

"నాకింకా కారు నడపనీకే జీ టూ లైసెన్స్ రాలే. నీకు తుపాకీ లైసెన్సా!" అని నెత్తిన చెయ్యి పెట్టుకున్నారు.

ఒక శనివారం ఇద్దరం టొరంటో వెళ్దామని పోర్ట్ క్రెడిట్‌లో ట్రైన్ ఎక్కాం. ఎక్కి పది నిమిషాలు కాలేదు, స్పీకర్లో తర్వాతి స్టేషన్ పేరు చెప్పారు. లాంగ్ బ్రాంచ్. నేను సీట్లోంచి లేచి నిలబడ్డాను. అన్నాళ్లూ అది ఏదో కంపెనీ పేరనుకున్నాను, అదొక ఊరని నాకు తట్టనే లేదు. రెండు వేల మైళ్ల అవతల, మంచు పొలాల మధ్య నా చేతికొచ్చిన వస్తువు పుట్టిన ఊరు మా ఇంటికి ఇరవై నిమిషాల దూరంలో ఉంది.

"దిగుదాం" అన్నాను.

"మనం దిగేది ఇక్కడ కాదు కదా" అంటూనే మావారు నా వెనక దిగారు.

స్టేషన్ బయట ఒకాయనను రైఫిళ్ల ఫ్యాక్టరీ గురించి అడిగితే పడమరగా నడవమన్నారు. ఫ్యాక్టరీ ఎప్పుడో కూల్చేశారట. సరస్సు ఒడ్డున ఒక్క పొడవాటి ఇటుక భవనం మాత్రం మిగిలింది. యుద్ధ కాలంలో ఆయుధాలను తనిఖీ చేసింది అందులోనేనట. ఇప్పుడు అక్కడ బొమ్మల ప్రదర్శనలు, శనివారం సంత జరుగుతున్నాయి. లోపల గోడ మీద పెద్ద నలుపు తెలుపు ఫోటో ఒకటి ఉంది. పొడవాటి బల్లలు, బల్లల వెంట వరసలుగా మనుషులు, ఒక్కొక్కరి ముందు ఒక్కో రైఫిల్. అందరూ ఆడపిల్లలే. తలకు రుమాళ్లు కట్టుకుని, చొక్కా చేతులు మోచేతుల దాకా మడుచుకుని. ఆ ముద్రలు చదివిన ప్రతిసారీ నా ఊహలో మీసాలున్న మగవాళ్లే ఉండేవారు. నేనూ ఒక ఆడదాన్నే, అదే పని చేస్తున్నదాన్నే, అయినా నాకు ఆ ఊహే వచ్చింది.

అక్కడ కరపత్రాలు పంచుతున్న ఒకావిడ నా పక్కకొచ్చి నిలబడ్డారు. అరవై దాటి ఉంటాయి. ఫోటోలో మూడో వరసలో ఒక అమ్మాయిని చూపించి, "ఈమె మా పిన్ని. తొంభై నాలుగేళ్లు. ఇక్కడికి దగ్గర్లోనే వృద్ధుల నివాసంలో ఉంటుంది" అన్నారు.

నా రైఫిల్ సంగతి చెప్పాను. ఆవిడ వెంటనే నా ఫోన్ నంబరు తీసుకున్నారు.

వారం తర్వాత ఆవిడతో కలిసి వాళ్ల పిన్నిని చూడటానికి వెళ్లాం. రైఫిల్‌ను అలాంటి చోటికి తీసుకెళ్లకూడదు కదా. దాని ముద్రల ఫోటోలు, బోల్ట్ కొసన మర బిగించే చిన్న ఇనుప ముక్క మాత్రం, ముందుగా అక్కడివాళ్లకు చెప్పి, తీసుకెళ్లాను. పెద్దావిడ కిటికీ దగ్గర కూర్చుని ఉన్నారు. మనిషి సన్నగా ఉన్నా చేతులు మాత్రం పెద్దవి. చూపు దాదాపు పోయింది. ఆ ముక్కను అరచేతిలో పెట్టాను. ఆవిడ బొటనవేలితో దాని పక్క భాగాన్ని ఒకసారి నిమిరారు.

"రెండు" అన్నారు.

ఆ ముక్క మీద ఉన్న అంకె రెండే. నేను ఆ మాట ఎవరికీ చెప్పలేదు.

"ఈ ముక్కకు నాలుగు సైజులుండేవి, సున్నా నుంచి మూడు దాకా" అని ఆవిడే చెప్పుకొచ్చారు. "రైఫిల్ రాగానే మొదటి గేజ్, అంటే తూటా కొలతకు చేసిన ఇనుప దిమ్మ, లోపల పెట్టి బోల్ట్ మూయాలి. మూసుకోవాలి. తర్వాత రెండో గేజ్. అది వెంట్రుకవాసి పొడవెక్కువ. దాని మీద బోల్ట్ మూసుకోకూడదు. మూసుకుందంటే లోపల సందు ఎక్కువున్నట్టు. తూటా పగిలి సిపాయి మొహం మీదికే వస్తుంది. అప్పుడు ఈ ముక్క మార్చి, పెద్ద నంబరు వేసి, మళ్లీ మొదటి నుంచి చూడాలి."

"రోజుకు ఎన్ని చూసేవారు?"

"లెక్క పెట్టనిచ్చేవాళ్లు కాదు. లెక్క మొదలుపెడితే వేలు తొందరపడుతుంది." ఆవిడ నా వైపు తిరిగారు. "పాస్ చేసినవన్నీ ఆ తలుపులోంచి వెళ్లిపోయాయి. ఒక్కటీ మళ్లీ కనబడలేదు. ఇది పనిచేసిందా?"

ఆ ప్రశ్న ఆవిడ డెబ్బై ఏళ్లకు పైగా దాచుకున్నారని నాకు తెలిసిపోయింది. యుద్ధంలో అదెక్కడ తిరిగిందో నాకు తెలియదని, ఆ తర్వాత మాత్రం ఒక రైతు కుటుంబానికి మూడు తరాలు పనిచేసిందని, ఒక్కనాడూ మొరాయించలేదని చెప్పాను. ఆవిడ తల ఊపి, "ముద్ర ఏముంది?" అన్నారు.

"బోల్ట్ దగ్గర ఇరవై ఏడు."

ఆవిడ నవ్వడం మొదలుపెట్టారు. నవ్వుతూనే కళ్లు తుడుచుకున్నారు. "నాది ఇరవై ఆరు. అది నా పక్క బల్ల అమ్మాయిది. రోజంతా కూనిరాగం తీసేది. సూపర్‌వైజర్ వస్తే ఆపి, ఆయన వెనక్కి తిరగ్గానే ఆపిన చోటి నుంచి ఎత్తుకునేది. అందరం చూపుడు వేలితో బోల్ట్ మూస్తే అది చిటికెన వేలితో మూసేది. చిటికెన వేలికి అబద్ధం చెప్పడం రాదనేది."

నా ఉద్యోగంలో ఒక్కరి జ్ఞాపకాన్ని రుజువుగా తీసుకోం. అయినా ఆ అంకెను నేను తర్వాత ఎన్నిసార్లు చూసినా, కూనిరాగం తీసే ఒక అమ్మాయి తప్ప ఇంకేమీ కనిపించలేదు.

వచ్చేసేముందు ఆవిడ ఒక కోరిక చెప్పారు. అన్ని రైఫిళ్లు పాస్ చేశారు గానీ, ఒక్కటీ పేలగా వినలేదట, ఇది పేలితే వినాలట.

జూన్‌లో ఎండ బాగా కాసిన ఒక ఉదయం, కరపత్రాలు పంచిన ఆ అక్క కూతురు తన కారులో పెద్దావిడను గంట దూరంలోని షూటింగ్ రేంజ్‌కు తీసుకొచ్చారు. నేను రైఫిల్‌తో ముందే వెళ్లాను. అక్కడ తుపాకులు బాగుచేసే పెద్దాయనకు విషయమంతా చెప్పి ఉంచాను. ఆయన తన పెట్టెలోంచి రెండు గేజ్‌లు తీసి, ఖాళీ రైఫిల్‌ను చక్రాల కుర్చీ ముందు బల్ల మీద పెట్టి, టోపీ తీసి పక్కన నిలబడ్డారు.

ఆవిడ రైఫిల్‌ను తడిమి చూశారు. రంపంతో కోసిన కొయ్య దగ్గర వేళ్లు ఆగాయి. "ఎవరు చేశారిది?" అని కోప్పడ్డారు. తర్వాత మొదటి గేజ్ అందుకుని లోపల పెట్టి, చిటికెన వేలితో బోల్ట్ తోశారు. చప్పుడు లేకుండా మూసుకుంది. రెండో గేజ్ పెట్టి తోశారు. బోల్ట్ సగంలో ఆగిపోయింది. ఇంకోసారి తోశారు. కదల్లేదు.

"పాస్" అన్నారు.

అంటూనే కుడిచేత్తో రైఫిల్‌ను పక్కకు జరిపి, ఎడమచేతిని బల్ల చివరికి చాచారు. తర్వాతి రైఫిల్ కోసం. అక్కడ ఏమీ లేదు. ఆ చెయ్యి గాలిలో అలాగే కాసేపు ఉండిపోయింది. ఆ గదులు, ఆ బల్లలు, ఆ అమ్మాయిలు అన్నీ పోయాక కూడా ఆ చేతికి తన చోటు గుర్తుంది. గుళ్లో హారతి వేళ కూడా నాకు అంత భక్తి కలిగి ఉండదు.

ఆవిడకు చెవి కప్పులు పెట్టి, వెనక్కి జరిపి, నేను ఒక్క తూటా పేల్చాను. వెనక్కి తిరిగి చూస్తే రెండు చేతులూ గుండెల మీద పెట్టుకుని ఉన్నారు.

"ఇంత గట్టిగానా! పాపం ఆ కుర్రాళ్లు" అన్నారు. ఖాళీ తూటా గొట్టం అడిగి తీసుకుని, వేడి ఆరేదాకా పిడికిట్లో పట్టుకుని కూర్చున్నారు.

కారెక్కేముందు, "ఇంకా ఎన్ని ఉన్నాయి నీ దగ్గర?" అని అడిగారు.

"ఇంకొకటే, ఈ మధ్యే కొన్నాను. అదే మోడల్, ఇంగ్లండ్‌లో తయారైంది."

"ఇంగ్లండ్‌దా?" ఆవిడ కాస్త నిటారుగా కూర్చున్నారు. "పట్రా. అక్కడి అమ్మాయిలు ఎలా పాస్ చేసేవారో నేనూ చూడాలి."

మరుసటి నెల అదే బల్ల మీద పెట్టి చూపించాను. మొదటి గేజ్ మీద మూసుకుంది. రెండో గేజ్ మీద కూడా మూసుకుంది. ఆ రైఫిల్ తో నేను అప్పటికే రెండుసార్లు కాల్చి ఉన్నానని చెప్పాను. ఆవిడ నా చెయ్యి వెతికి పట్టుకుని, చిన్నపిల్లను మందలించినట్టు మెల్లగా ఒక దెబ్బ వేసి, రైఫిల్‌ను రెండో వైపుకు తోసేశారు.

"రిజెక్ట్."