టీకాల పుస్తకంలో ఎర్ర గీత

మా కుక్కను మాకు కాకుండా చేసింది టీకాల పుస్తకంలోని ఒక చిన్న గడి. జాతి ఏదో రాయమనే గడి.

దాన్ని రాయించింది మా నాయన. ఆయన ముప్పై ఏళ్లు చిత్తూరు మామిడి మండీలో పనిచేశాడు. అక్కడ రకం పేరు చెప్పనిదే బేరం మొదలుకాదు. గంపలో పైవరస బేనీషా కనిపిస్తే చాలు, అడుగున ఏమున్నా అది బేనీషా గంపే. ఆ అలవాటు ఆయన్ని మండీ మానేశాక కూడా వదల్లేదు. తిరుపతి నుంచి నల్లటి కుక్కపిల్లను ఒళ్లో పెట్టుకుని బస్సులో తెచ్చిన రోజు కూడా ముందు రకమే చెప్పాడు.

"రాట్‌వీలర్ పాపా ఇది. ఆషామాషీ కుక్క అనుకోవద్దు."

పశువుల ఆసుపత్రి డాక్టరు దాని చెవులు పట్టి చూసి నవ్వాడు. "పెద్దాయనా, ఇది కలగలుపు. నాటు కుక్క పాలే ఎక్కువ." మా నాయనకు తల కొట్టేసినట్లయింది. "అమ్మినోడికి తెలీదా సార్? నువ్వు రాట్‌వీలర్ అనే రాయి" అని పట్టుబట్టాడు. ఇంటికొచ్చి, నేను పిల్లల పేపర్లు దిద్దే ఎర్ర పెన్ను తీసుకుని ఆ మాట కింద గీత కూడా గీశాడు.

ఆ రాట్‌వీలర్ ఉరుము వినపడితే బియ్యం డ్రమ్ము వెనక దూరేది. అయినా మా అమ్మ పోయాక నాతో కూడా మాటలు తగ్గించిన మనిషి, దానితో మాత్రం గంటలకొద్దీ మాట్లాడేవాడు. అందుకే అది ఇంట్లో ఉండాలని నాకు అంత పట్టుదల.

తర్వాత ఢిల్లీ నుంచి ఒక జాబితాతో ఉత్తర్వు వచ్చింది, ఫలానా జాతి కుక్కలు ప్రమాదం, పెంచకూడదని. అందులో రాట్‌వీలర్ కూడా ఉంది. కోర్టు కొట్టేసిందని ఒకరు, అది మన రాష్ట్రంలో కాదని ఇంకొకరు. టీ అంగడి దగ్గర అందరూ లాయర్లే. నాకు ఒళ్లు మండేది. పెంచేవాణ్ని వదిలేసి జాతిని పట్టుకోవడమేమిటని కనిపించిన వాళ్లందరితో వాదించాను. ఎదురింటామెతో మాత్రం వాదించలేకపోయాను. ఏర్పేడులో వాళ్ల పుట్టింటి వీధిలో ఆమె బిడ్డను కుక్క కరిచింది. చెంప మీద కుట్లు నేనూ చూశాను.

"మీ కుక్క మంచిదే అక్కా, కాదనను. అది అరిస్తే నా బిడ్డ గుడ్డలు తడుపుకుంటాది. నేనేం చేసేది?"

జాబితాలో ఉన్న కుక్క ఏదీ కాలనీలో ఉండకూడదని మా కాలనీ సంఘం తీర్మానం చేసింది. సంఘం పెద్ద ఇంటికొచ్చి టీకాల పుస్తకం అడిగితే, మా నాయన గర్వంగా తెచ్చి చేతిలో పెట్టాడు! సంఘం పెద్ద పేజీ తిప్పాడు. "ఈడ రాసే ఉండాది కదప్పా, గీత గీసి మరీ. పది దినాల్లో యాడికన్నా పంపించేయండి."

ఎక్కడికి? మామిడితోట ఉన్న బంధువు ఫోన్ ఎత్తడం మానేశాడు. తిరుపతిలో దిక్కులేని కుక్కల్ని సాకే వాళ్లు జాతి పేరు వినగానే వద్దన్నారు. పుస్తకం దిద్దించుకుందామని ఆసుపత్రికి పరిగెత్తితే పాత డాక్టరు బదిలీ అయిపోయాడు. కొత్తాయన కుక్క తల చూసి, పుస్తకం చూసి, "ఒకరు రాసింది నేను కొట్టేయలేనమ్మా" అన్నాడు.

తొమ్మిదో రోజు నాకొక ఉపాయం తట్టింది. వీధి కుక్కల్ని మున్సిపాలిటీ వాళ్లు పట్టుకెళ్లినా, పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేసి పట్టిన చోటే వదలాలి. అది నియమం. మాది వీధి కుక్క అయిపోతే సరి! మా నాయన పెట్టెలోంచి పుస్తకం తీసి, చించి నీళ్ల పొయ్యిలో వేశాను. ఆ సంగతి ఆయనకు చెప్పలేదు. మెడపట్టీ విప్పి కుక్కను గేటు బయటికి తోశాను. అది అక్కడే కూర్చుంది, మా గుమ్మం వైపు చూస్తూ. మా నాయన గేటు సందులోంచి సంగటి ముద్ద పెట్టబోతే చెయ్యి పట్టుకుని ఆపాను. ఆ పని ఎలా చేశానో నాకిప్పటికీ అర్థం కాదు.

రెండు రోజులకు కుక్కల బండి వచ్చింది. "ఎవరిదిది?" అని బండి మనిషి అడిగాడు.

మా నాయన నా ముఖం చూసి, నేను నేర్పిన మాటే అప్పజెప్పాడు. "మాది కాదప్పా. వీధి కుక్క."

ఆయన గొంతు వినగానే అది తోక ఊపుకుంటూ వచ్చి ఆయన మోకాళ్లకు తల ఆనించింది. ఆయన చెయ్యి దాని తలదాకా వెళ్లి ఆగింది. తర్వాత రెండు చేతులూ వెనక్కి కట్టుకున్నాడు.

వారానికి బండి మిగతా కుక్కల్ని తెచ్చి వదిలింది. మాది లేదు. బండికి అడ్డం పడ్డాను.

"జాతి కుక్క మాదిరుండాదని ఎవరో సాక్కుంటామని తీసుకపోయినారమ్మా. మీరే కదా మాది కాదనింది?"

"మాదే. అబద్ధం చెప్పినాము. మాదే" అని రోడ్డు మీదే ఏడ్చాను.

బండి మనిషికి జాలేసినట్టుంది. "టీకాల పుస్తకముంటే తీసుకరాండి. అది సూపించి అడిగి తెచ్చిస్తాం."

ఇంటికొచ్చి చెప్పాను. పుస్తకం అన్న మాట వినగానే మా నాయన ముఖం వెలిగిపోయింది. "అదెంత పని! నా పెట్టెలో భద్రంగా ఉండాది" అంటూ లోపలికి పరిగెత్తాడు. బట్టలు ఒక్కొక్కటి తీసి దులిపాడు, పెట్టె అడుగున పరిచిన పేపరు ఎత్తి చూశాడు. మళ్లీ మొదటినుంచీ మొదలుపెట్టాడు.

"నువ్వొకసారి సూడు పాపా, నీ కండ్లు మంచివి."

కాల్చేశానని చెప్పడానికి నోరు రాలేదు. వెళ్లి ఆయన పక్కన కూర్చుని, నేనూ వెతికాను.