ఐదు నిండని పిల్ల

కాకినాడలో కాపురం పెట్టడమంటే మాటలు కాదు. అందులోనూ ఆ రోజుల్లో, ఎరువుల ఫ్యాక్టరీలు వస్తాయట, రేవు పెంచుతారట అని ఊరంతా గుప్పుమన్నాక, ఇళ్ళవాళ్ళకి కళ్ళు నెత్తికెక్కాయి. వంటగది లేని గదికి కూడా అడ్వాన్సు అడిగారు. నీళ్ళకి వేరే, కరెంటుకి వేరే. పక్కనే సముద్రాన్ని పెట్టుకుని ఉప్పు కూడా ధర చూసి కొనుక్కునే ఊరది.

కన్యకాపరమేశ్వరి కాపురం అలాగే అక్కణ్ణుంచి లేచి పక్క పల్లె కరప చేరింది. భర్త జోగేశ్వరరావు మెయిన్ రోడ్డులో ఓ బట్టల కొట్లో గుమాస్తా. పొద్దున్నే సైకిలెక్కి పోయి, కొట్టు కట్టేశాక వచ్చేవాడు. ఆయన జీతం ముగ్గురి తిండికి బొటాబొటీగా సరిపోయేది. పై ఖర్చులకి పరమేశ్వరి అప్పడాలు ఒత్తేది, బూడిదగుమ్మడి వడియాలు పెట్టేది, వాటిని కాకినాడ తీసుకుపోయి రామారావుపేటలో వాడుకగా కొనే ఇళ్ళకి వేసేది. షావుకార్ల ఇంట పుట్టిన పిల్ల వీధి వీధీ తిరిగి అప్పడాలమ్మడమేంటని పుట్టింటివాళ్ళు ముక్కున వేలేసుకున్నారు. వేలేసుకున్నవాళ్ళలో ఒక్కరూ ఓ బస్తా బియ్యం పంపిన పాపాన పోలేదు లెండి.

ఈ వ్యాపారమంతా బస్సు మీద నిలబడింది. రిక్షా ఎక్కిందంటే మిగిలేదేదో రిక్షావాడికే మిగులుతుంది. ఎక్స్‌ప్రెస్సుకి ఛార్జీ ఎక్కువని ఆవిడ అది ముందొచ్చినా ఎక్కేది కాదు. ఊరూరా ఆగుతూ, దుమ్ము రేపుకుంటూ వచ్చే లోకల్ బస్సు కోసం ఎండలో నిలబడేది. అదో ప్రైవేటు బస్సు. ఎక్కగానే అప్పడాల బుట్ట కాళ్ళ మధ్య, కూతురు బేబి ఒళ్ళో. బుట్టని సీటు కిందకి తోసేస్తే లగేజీ అడగరు. పిల్లని ఒళ్ళో కూర్చోబెడితే టిక్కెట్టు అడగరు. ఐదు నిండని పిల్లలకి ఆ బస్సులో టిక్కెట్టు లేదు. నిండితే మాత్రం అర టిక్కెట్టు కొట్టాల్సిందే.

బేబికి ఐదు ఎప్పుడో నిండాయి. ఆరూ నిండాయి. కాని ఆ పిల్ల ఎదగలేదు. ఈడు పిల్లలు చెరుకుగడలు లాక్కుంటూ ఎడ్లబళ్ళ వెనక పరిగెడుతుంటే, ఇది నాలుగడుగులు వేసి అరుగు మీద కూలబడేది. చేతులు పుల్లల్లా ఉండేవి. పరమేశ్వరికి అది దిగులుగా ఉండేది, నిజమే. కాని బస్సెక్కిన ప్రతిసారీ, పోనీలే, పొట్టిగా ఉండటమూ ఒకందుకు మంచిదే అనిపించేది. ఏ తల్లీ అనుకోకూడని మాట అది. అయినా అనుకుంది. ఎండలో అంతంత దూరం నడిచి, గుమ్మం గుమ్మం దగ్గరా బేరాలాడి, ఇంటికొచ్చి మళ్ళీ పిండి కలుపుకునే మనిషికి ఆ అర టిక్కెట్టు చిన్నదేం కాదు.

పిల్లకి పాఠం చెప్పినట్టు చెప్పేది.

"ఎవరైనా నీకెన్నేళ్ళని అడిగితే ఏమంటావే?"

"నాలుగు దాటాయండి, ఐదు నిండలేదండి."

"ఎవరడిగినా?"

"ఎవరడిగినా అంతేనమ్మా."

బడిలో ఒక వయసు, బస్సులో ఒక వయసు. బేబికి అదో ఆటలా ఉండేది. ముందు పళ్ళు రెండూ ఊడిన కొత్తలో పరమేశ్వరికి పెద్ద చిక్కొచ్చి పడింది. పాలపళ్ళు ఊడే వయసేమిటో పిల్లలున్న ప్రతివాడికీ తెలుసు. కండక్టరు బుల్లియ్యకి తెలియదా? అతనూ పిల్లలవాడే. అందుకని ఇంకో షరతు పెట్టింది. "బస్సులో నవ్వకే తల్లీ. నోరు మూసుకుని కూర్చో. దిగాక నీ ఇష్టం, నవ్వుకో." బేబి పెదాలు బిగించి, బుగ్గలు పొంగించి, కాకినాడ దాకా అలాగే కూర్చునేది. దిగిన వెంటనే పకపకా నవ్వేది. అది చూసి తల్లీ నవ్వేది.

బుల్లియ్య నోటిదురుసు మనిషి. టిక్కెట్టు ఎగ్గొట్టాడని ఓసారి ఓ పెద్దమనిషిని చెరుకుతోటల మధ్య దింపేశాడు. "ఇది మా ఓనరుగారి బస్సండి, మీ అత్తారి బండి కాదు!" అని కేకలేశాడు. అప్పట్నుంచి పరమేశ్వరికి అతనంటే హడల్. పిల్ల వయసు అతనడిగిందొక్కసారే, "పాపకెన్నేళ్ళండీ?" అని. పరమేశ్వరి నోరు తెరిచేలోగా బేబే టకీమని చెప్పేసింది, నాలుగు దాటాయండి అని. బుల్లియ్య "ఊఁ" అని ముందు సీటుకి పోయాడు. మళ్ళీ ఎప్పుడూ అడగలేదు.

ఆ ఏడు వానలు పడుతుండగా బేబి అన్నం మానేసింది. ముఖం పాలిపోయింది. పొద్దున లేవగానే కళ్ళ కింద ఉబ్బు. కరప ఆరెంపీ డాక్టరు నులిపురుగులన్నాడు, మందు పోశాడు. తగ్గలేదు. "కాకినాడలో ఎవరైనా మంచి డాక్టరుకి చూపించవే" అని జోగేశ్వరరావు పోరాడు. రామారావుపేటలో అప్పడాలు తీసుకునే ఓ ఇల్లాలు ఒక డాక్టరుగారి పేరు చెప్పింది. పెద్దాయన, హస్తవాసి మంచిది, ఫీజుకి పీడించడు. ఓ రోజు అప్పడాలు వేసేశాక పరమేశ్వరి పిల్లని తీసుకుని అక్కడికి వెళ్ళింది.

వసారా అంతా జనం. వరసలో కూర్చుని వెనక్కి తిరిగి చూస్తే ఎవరున్నారు? బుల్లియ్య. చేతికి గుడ్డ కట్టుకుని, సెలవు పెట్టినట్టున్నాడు, ఖాకీ చొక్కా లేకుండా వచ్చాడు.

"బాగున్నారాండీ అమ్మగారూ? పాపకేంటండి?" అన్నాడు.

"కాస్త నీరసమండి" అంది పరమేశ్వరి. పిల్లని ఇంకాస్త దగ్గరికి లాక్కుంది.

ఆ డాక్టరుగారి గదికి తలుపు లేదు, పాత చీర తెర ఒకటి కట్టారు. అది కూడా పక్కకి లాగేసి ఉంది. ఒకరిని చూస్తుండగానే తర్వాతివాళ్ళు గుమ్మంలో నిలబడాలి. బేబి వంతు వచ్చేసరికి గుమ్మంలో నిలబడింది బుల్లియ్యే.

డాక్టరుగారు పిల్లని కాటా మీద నిలబెట్టారు. బరువు చూశారు. "ఎన్నేళ్ళే అమ్మాయీ?" అన్నారు.

"నాలుగు దాటాయండి, ఐదు నిండలేదండి" అంది బేబి, తడుముకోకుండా.

ఆయన తల ఊపి రాసుకున్నారు. అప్పుడు చెప్పాల్సింది పరమేశ్వరి. కాదండీ, ఏడు వెళ్ళి ఎనిమిదో ఏడు నడుస్తోందండి అనాల్సింది. గొంతు దాకా వచ్చింది కూడా. కాని వీపు వెనక బుల్లియ్య ఉన్నాడు. రేపు బస్సులో అందరి ముందూ ఏమంటాడో! ఇన్నాళ్ళ టిక్కెట్లూ కక్కమంటాడో, చెరుకుతోటల దగ్గర పిల్లతో సహా దింపేస్తాడో! ఆ బస్సు లేకపోతే ఈ బతుకెలా? ఊరుకుంది.

"నోరు తెరు" అన్నారు డాక్టరుగారు. తెరిచింది. "ఇదేంటి, ఐదు నిండకుండానే ముందు పళ్ళు ఊడిపోయాయేంటమ్మా?"

దేవుడనేవాడు ఉంటే, అంతకంటే బాగా తలుపు తెరిచి చూపించడు. పరమేశ్వరి ఆ తలుపూ మూసేసింది. "గుమ్మం తట్టుకుని పడిందండి" అంది.

ఆయనకి ఇంకా యాభై మంది ఉన్నారు బయట. "వయసుకి బరువు సరిపోయిందమ్మా, ఎత్తు కూడా ఫరవాలేదు. కాస్త రక్తం తక్కువగా ఉంది. టానిక్కు రాస్తాను, ఆకుకూరలు పెట్టు" అన్నారు. పరమేశ్వరికి ఏనుగెక్కినంత సంబరమైంది. వయసుకి సరిపోయిందన్నారు! ఏ వయసుకో తనకి తెలియదా? తెలుసు. అయినా అంత చదువుకున్న మనిషి ఫరవాలేదన్నాక ఇంకేం ఉంటుందిలే అని మనసుకి నచ్చజెప్పుకుంది. ఆ వేళ దారిలో బేబికి కాజా కొనిపెట్టింది. పిల్ల సగం తిని, వికారంగా ఉందని మిగతాది తల్లి నోట్లో పెట్టింది.

టానిక్కు సీసాలు అయిపోయాయి. పంటలు కోతకొచ్చాయి. బేబి నడవటం మానేసింది. కాళ్ళు ఉబ్బాయి, ఏం తిన్నా కక్కేసేది. ఓ పొద్దున్న కళ్ళు తేలేస్తే జోగేశ్వరరావు సైకిలు పక్కన పడేసి, పిల్లని భుజాన వేసుకుని రోడ్డుకి పరిగెత్తాడు. ఇసుక లారీ ఒకటి ఆగి ఎక్కించుకుంది. కాకినాడ పెద్దాసుపత్రిలో పడుకోబెట్టారు. మందూ సెలైనూ పడ్డాక పిల్లకి తెలివొచ్చింది. ఓ ఆడ డాక్టరమ్మ వచ్చి మంచం పక్కన కూర్చుంది.

"ఎన్నేళ్ళమ్మా నీకు?"

బేబి ఎండిన పెదాలు తడుపుకుంది. "నాలుగు దాటాయండి" అంటూ మొదలెట్టింది.

"కాదండీ!" అని పరమేశ్వరి అరిచినంత పని చేసింది. "ఎనిమిదో ఏడండి. అబద్ధం చెప్పించానండి. ఎనిమిదో ఏడు."

బేబి బెదిరిపోయింది. సెలైను లేని చేత్తో తల్లి నోరు మూయబోయింది. "అమ్మా, కండక్టరు వింటాడు" అంది రహస్యంగా.

డాక్టరమ్మ రక్తం, మూత్రం పరీక్షలకి పంపింది. మర్నాడు భార్యాభర్తలని వరండాలోకి పిలిచింది. పిల్ల మూత్రపిండాలు రెండూ పాడైపోయాయి. పుట్టుకతో ఉన్న చిన్న అడ్డు, అది మూత్రాన్ని ఇన్నేళ్ళూ వెనక్కి నెట్టి నెట్టి లోపల కుళ్ళబెట్టింది. ఎదగకపోవటం దానివల్లే.

"ఇంతకు ముందు ఎవరికీ చూపించలేదా?" అంది.

"చూపించామండి" అన్నాడు జోగేశ్వరరావు. "వానాకాలంలో చూపించామండి. వయసుకి సరిపోయిందన్నారండి."

"ఎనిమిదో ఏటి పిల్లకి ఈ ఎత్తు సరిపోవటమేంటండీ? ఎవరన్నారో గాని! అప్పుడే పరీక్షలు చేయించి ఉంటే ఆపరేషనుతో బతికించుకునేవాళ్ళం కదా."

జోగేశ్వరరావు ఆ డాక్టరుగారిని తిట్టడం మొదలెట్టాడు. ముసలాడు, కళ్ళు కనపడవు, ప్రాక్టీసు మానుకోవాలి అని. పరమేశ్వరి వరండా స్తంభం పట్టుకుని నిలబడింది. ఆయన తప్పేం లేదండీ అని మొగుడికి చెప్పటానికి ఆవిడకి రెండు రోజులు పట్టింది. చెప్పాక జోగేశ్వరరావు తిట్టలేదు, కొట్టలేదు. ఆసుపత్రి మెట్ల మీద కూర్చుని చాలాసేపు సైకిలు తాళంచెవి చేతిలో తిప్పుతూ ఉండిపోయాడు. ఆ తర్వాత ఆ మాట ఆ ఇంట్లో మళ్ళీ రాలేదు. అసలు ఏ మాటలూ పెద్దగా రాలేదు.

బేబి ధనుర్మాసం మొదట్లో పోయింది.

కర్మలయ్యాయి. చుట్టాలు వచ్చారు, వెళ్ళారు. ఇల్లు గడవాలిగా, పిండి కలపాలిగా. ఎవరు ఏడ్చినా అప్పడాల కర్ర ఆగదు. ఓ పొద్దున్న పరమేశ్వరి బుట్ట తీసుకుని రోడ్డు మీదకొచ్చింది. ఎక్స్‌ప్రెస్సు వచ్చింది, ఎక్కలేదు. లోకల్ బస్సు కోసం నిలబడింది. ఎక్కి, అలవాటుగా బుట్ట కాళ్ళ మధ్య పెట్టుకుంది. ఒళ్ళు తేలిగ్గా అనిపించింది. ఆ తేలిక భరించలేక బుట్ట తీసి ఒళ్ళో పెట్టుకుంది.

బుల్లియ్య వచ్చాడు. ఆవిడ కొంగుముడి విప్పి ఓ చిన్న మూట అతని చేతిలో పెట్టబోయింది.

"ఇదేంటండీ?"

"పాప టిక్కెట్లండి. ఇన్నాళ్ళవీ. లెక్క సరిగా తెలియదండి, తక్కువైతే మళ్ళీ ఇస్తాను. దానికి ఐదు ఎప్పుడో నిండిపోయాయండి. మీకు అబద్ధం చెప్పానండి."

బుల్లియ్య ఆ మూట ముట్టుకోలేదు. సంచీ సర్దుకుని, ఖాళీగా ఉన్న పక్క సీటు అంచున కూర్చున్నాడు. కండక్టరు డ్యూటీలో కూర్చోవటం ఆ బస్సులో ఎవరూ చూడలేదు.

"నాకు తెలుసండి" అన్నాడు. "మొదటి రోజే తెలుసండి. మా రెండోవాడు, పాప ఒకే ఈడండి. వాడికీ అప్పుడే పళ్ళూడాయి. పాప నోరు బిగించుకుని కూర్చుంటే నాకు నవ్వొచ్చేదండి. అప్పడాలమ్ముకునే తల్లి, పోనీలే అనుకున్నాను. అందుకే మళ్ళీ అడగలేదండి."

పరమేశ్వరి మూట బుట్ట మీద పెట్టింది.

"మరి ఆ రోజు డాక్టరుగారి దగ్గర?" అంది.

"ఆ రోజూ విన్నానండి. ఇక్కడ కూడా తక్కువ చెబుతున్నారేంటా అనుకున్నాను. చెప్పబోయాను కూడాను. నలుగురిలో మీ పరువు తియ్యటమెందుకులే, నేను కండక్టర్ని కదా, బస్సు సంగతి బయటపెట్టినట్టుంటుంది అని ఊరుకున్నానండి. డాక్టరుకి ఫీజు తగ్గుతుందేమో అనుకున్నానండి." బుల్లియ్య ఆవిడ వైపు తిరిగాడు. "ముందే జబ్బు తెలిస్తే పాప బతికేదట కదండీ. మీరెందుకు చెప్పలేదండీ అమ్మగారూ?"

"మీరు వెనకాల ఉన్నారనండి" అంది పరమేశ్వరి.

బుల్లియ్య లేచాడు. వెనక సీటువాళ్ళు టిక్కెట్లు టిక్కెట్లని పిలుస్తున్నా వినిపించుకోకుండా ఫుట్‌బోర్డు దాకా పోయి, అక్కడ బయటికి చూస్తూ నిలబడ్డాడు. ఆ స్టేజీలో దిగాల్సినవాళ్ళు కేకలు పెడితే గాని విజిల్ వెయ్యలేదు.

కాకినాడ బస్టాండు వచ్చింది. అందరూ దిగాక పరమేశ్వరి దిగింది. దిగిన చోట కాసేపు అలాగే ఆగింది, ఎవరో నవ్వుతారని ఎదురుచూసినట్టు. తర్వాత బుట్ట నెత్తిన పెట్టుకుని రామారావుపేట వైపు నడిచింది.