రీలుకెక్కిన శోకం

మా అమ్మ ఏడుపుకి మా వీధిలో పేరుంది. ఎగతాళికి అనడం లేదు. నరసరావుపేటలో మేముండే వైపు ఎవరింట్లో చావు జరిగినా, ఫ్రీజర్ బాక్సు వచ్చేలోపే అమ్మకు కబురొచ్చేది. అమ్మ వెళ్ళి, పోయినవాళ్ళ కాళ్ళ దగ్గర చతికిలబడి, కొంగు నడుముకు దోపుకుని రాగం ఎత్తుకునేది. అప్పటిదాకా కొయ్యబారి కూర్చున్న ఆ ఇంటి ఆడవాళ్ళకు అప్పుడు ఏడుపు తన్నుకొచ్చేది.

శోకాలు పెట్టడమంటే ఊరికే గుండెలు బాదుకోవడం కాదు. పోయిన మనిషితో మాట్లాడటం. ఎవరు ఏం తినేవాళ్ళు, ఎవరితో పోట్లాడేవాళ్ళు, ఏ కోడలికి చాటుగా ఏం పెట్టేవాళ్ళు, అన్నీ అమ్మకు గుర్తుండేవి. తిట్టేది కూడా. "పిసినారిదానివే అత్తో, పండగనాడు కూడా నూనె బొట్లుబొట్లుగా పోసేదానివే, ఇప్పుడా డబ్బా ఎవురికి ఒదిలిపెట్టి పోతివే" అని పక్కింటి ముసలమ్మ శవం ముందు ఏడిస్తే, ఆమె కోడళ్ళు నవ్వూ ఏడుపూ కలగలిసిపోయి ఒకరి మీద ఒకరు పడ్డారు. ఆ నవ్వు వేరు. ఆ ముసలమ్మ ఎలాంటిదో తెలిసినవాళ్ళు నవ్విన నవ్వు అది.

గురజాలలో ఉండే మా పిన్ని అందుకే అమ్మ దగ్గర మాట తీసుకుంది. పిన్ని అమ్మకు ఒక్కగానొక్క చెల్లెలు. ఆమెకిద్దరూ మగపిల్లలే.

"అక్కా, నాకు ఏడవడానికి ఆడపిల్ల లేదు. నేను ముందు బోతే నువ్వొచ్చి నాలుగు మాటలు చెప్పి ఏడవాల. ఏడ్చే గొంతు లేకుండా నన్ను గమ్మున తీసకపోనియ్యబాక" అనేది.

"నోరుముయ్యవే, చిన్నదానివి నువ్వు ముందు పోయేదేంది?" అని అమ్మ కసిరేది. అంతలోనే, "సరేలే, ఏడుస్తాలే. నీ తిక్క పనులన్నీ ఊరందరికీ చెప్పి మరీ ఏడుస్తా" అనేది. ఇద్దరూ పకపకా నవ్వుకునేవాళ్ళు.

నాన్న పత్తి మిల్లు లారీ నడిపేవాడు. ఆయనకో అలవాటు. మొదటి ముద్ద నోట్లో పెట్టుకోగానే ఉప్పు చాల్లేదని కంచం ముందుకు నెట్టేవాడు. అమ్మ పల్లెత్తు మాట అనకుండా చిటికెడు ఉప్పు చల్లి, కంచం మళ్ళీ ఆయన ముందుకు జరిపేది. నాన్న తినేవాడు. పెళ్ళయిన కాడి నుంచీ ఇదే తంతు. ఒక్కోసారి అమ్మ ఉప్పు డబ్బా ముట్టుకోకుండా వట్టి చెయ్యే కంచం మీద ఆడించేది. "ఇప్పుడు సరిపొయ్యింది" అనేవాడు నాన్న. నేనూ చెల్లెలూ వంటింట్లోకి పరిగెత్తి, నోళ్ళు మూసుకుని నవ్వేవాళ్ళం. ఇది మా నలుగురికే తెలిసిన ముచ్చట.

ఒక మధ్యాహ్నం భోజనానికి కూర్చున్న నాన్న కలుపుకున్న అన్నం ముందే ఒరిగిపోయాడు. ఆయన శవం ముందు అమ్మ ఇట్లా ఏడ్చింది: "ఉప్పు లేదని కంచం నెట్టేవాడివి గదయ్యో, ఇయ్యాల నెట్టవేందయ్యో, నెట్టయ్యా నా రాజా, నేను మళ్ళా జరుపుతా గదయ్యో." చుట్టూ ఉన్న ఆడవాళ్ళు ఘొల్లుమన్నారు. నేను నేలకు తల కొట్టుకున్నాను. తలెత్తి చూస్తే గుమ్మం దగ్గర చెల్లెలు ఫోన్ పట్టుకుని నిలబడి ఉంది.

చెల్లెలు చిలకలూరిపేటలో ఉంటుంది, మొగుడు స్పిన్నింగ్ మిల్లులో పని చేస్తాడు. వంటలూ ఇంటి సంగతులూ పెట్టే ఛానల్ ఒకటి నడిపేది. పాపం, చూసేవాళ్ళు లేరని ఎప్పుడూ దిగులుపడేది.

"ఏందే అది?" అన్నాను.

"రాలేకపోయిన మామయ్య కోసం అక్కా. చూస్తానన్నాడు" అంది, ముక్కు చీదుకుంటూ.

నమ్మాను. తోడబుట్టింది, ఎందుకు నమ్మను?

నేను జాకెట్లు కుడతాను. నా ఫోన్‌లో కస్టమర్లు పంపే డిజైన్ల ఫోటోలు తప్ప ఇంకేం ఉండవు. రీళ్ళు చూసే తీరికా లేదు, ఓపికా లేదు. అందుకని లోకమంతా చూశాకే మాకు తెలిసింది.

కొన్ని నెలల తర్వాత, పిన్నికి ఒంట్లో బాగాలేదంటే చూడటానికి అమ్మా నేనూ గురజాల బస్సెక్కాం. పిడుగురాళ్ళ దాటాక ముందు సీట్లో ఇద్దరు అమ్మాయిలు ఫోన్ చూడటం మొదలుపెట్టారు. అందులోంచి ఆడమనిషి ఏడుపు వినిపించింది. అమ్మ చెవి అటు వేసింది.

"ఎవురో పొయ్యారే పాపం" అంది నాతో. "మొగుడే అయ్యుంటాడు."

తన గొంతు తనకు తెలియలేదు. నాకు తెలిసిపోయింది. అమ్మ కొంగుతో కళ్ళు ఒత్తుకుంటూ ఉండగానే ఆ ఏడుపు కింద డప్పు మొదలైంది. "నెట్టవేందయ్యో" అనగానే దరువు. మళ్ళీ "నెట్టవేందయ్యో", మళ్ళీ దరువు. ఆ అమ్మాయిలు పడీపడీ నవ్వుతున్నారు. అమ్మ సీటు కమ్మీ పట్టుకుని లేచి, వాళ్ళ భుజాల మీదుగా వంగి చూసింది. నేనూ చూశాను. ఫోన్‌లో మా చెల్లెలు. అమ్మ కొనిపెట్టిన పసుపుపచ్చ చీర కట్టుకుంది. ఎదురుగా దాని మొగుడు కంచం నెడుతున్నాడు. అది అమ్మ ఏడుపుకి పెదాలు కలుపుతూ గుండెలు బాదుకుంటోంది. చివర్లో కన్ను కొట్టింది.

అమ్మ కూర్చుంది. "అది నా గొంతా?" అంది.

అవునన్నాను. గురజాలలో పిన్ని దగ్గర అమ్మ ఏమీ జరగనట్టే కూర్చుని, నారింజ తొనలు ఒలిచి పెట్టింది.

నేను పిన్నీవాళ్ళ పెరట్లోకి పోయి చెల్లెలికి ఫోన్ చేశాను. "ఏమే, సిగ్గూ శరం ఉందా నీకు? అమ్మ ఏడుపు మీద ఆడతావా?" అన్నాను.

"తిట్టబాకక్కా, ముందు నా మాట విను. అమ్మకి నాన్నంటే ఎంత ప్రేమో నలుగురూ చూడాలని పెట్టా. చూసి చానామంది ఏడ్చారు తెలుసా? తర్వాత ఎవరో అంత ముక్క కోసి డప్పు కలిపారు. అందరూ దాంతోనే చేస్తన్నారు. మనింటిది, మనం చెయ్యకపోతే ఎట్టా?"

మనింటిది! ఆ మాట నాకు ఈనాటికీ మింగుడుపడలేదు. ముక్కూమొహం తెలియనివాళ్ళు నవ్వారంటే సరే, వాళ్ళకేం తెలుసు. ఇది వంటింట్లో నా పక్కన నిలబడి, ఆ వట్టి చేతి ఉప్పు చూసి నవ్విన పిల్ల. దానికి అన్నీ తెలుసు. తెలిసీ కన్ను కొట్టింది.

ఆ రోజే అది ఛానల్లోంచి తన వీడియో తీసేసింది. తీస్తే ఏమైంది? ఆటోవాళ్ళు పెట్టుకున్నారు, పెళ్ళి ఊరేగింపుల్లో వేశారు, క్రికెట్‌లో ఓడిపోయినవాళ్ళ బొమ్మల మీద అతికించారు. కొలతలివ్వడానికొచ్చిన ఒకావిడ, చేతులు చాపి నిలబడి అదే రాగం కూనిరాగం తీసింది. ఆగి, "అన్నట్టు అది మీ అమ్మేనంట గదా, ఒకసారి పిలువు, సెల్ఫీ దిగుతా" అంది. ఆవిడ గుడ్డ ఆవిడ చేతిలో పెట్టి పంపించేశాను.

ఆ తర్వాత మా వీధిలో ఒక చావుకి అమ్మను పిలిచారు. వెళ్ళింది. ఇంకా సరిగ్గా కూర్చోనన్నా లేదు, రెండు మూడు ఫోన్లు పైకి లేచాయి. అమ్మ వాటి వంక చూసి, పోయినామె కాళ్ళకు దణ్ణం పెట్టి, వెనక్కి వచ్చేసింది. మళ్ళీ మా వీధిలో ఏ చావుకీ వెళ్ళలేదు.

ఎండాకాలంలో పిన్ని పోయింది.

మేం వెళ్ళేసరికి పిన్నిని వసారాలో పడుకోబెట్టారు. చెల్లెలు మాకంటే ముందే వచ్చి, ఒక మూల ముడుచుకుని ఉంది. అమ్మ వెళ్ళి కాళ్ళ దగ్గర కూర్చుంది. ఆడవాళ్ళంతా కాస్త జరిగి చోటిచ్చారు, ఇక మొదలవుతుందని. అమ్మ కొంగు నడుముకు దోపలేదు. నోట్లో కుక్కుకుంది. ఆమె భుజాలు అదురుతున్నాయి, గొంతులోంచి శబ్దం రాదు. కళ్ళు మాత్రం చుట్టూ ఉన్న చేతుల మీద తిరుగుతున్నాయి, ఒక్కొక్క చేతి మీదా.

"ఏడవ్వే తల్లీ, నీ చెల్లెలు గదా" అంది ఒక పెద్దామె.

చెల్లెలు పాక్కుంటూ వచ్చి అమ్మ కాళ్ళ మీద పడింది. "అమ్మా, ఎవురూ తియ్యటంలేదే. నా ఫోన్ ఇంట్లోనే పెట్టొచ్చా. ఏడవ్వే అమ్మా, పిన్ని నిన్నే అడిగిందే" అంది. అమ్మ కాళ్ళు వెనక్కి లాక్కుంది.

అప్పుడు చెల్లెలే రాగం ఎత్తుకుంది. "లేవవేందే పిన్నో, మాట్టాడవేందే పిన్నో" అని. నటన కాదు, నిజంగానే ఏడుస్తోంది. కానీ దానికి వచ్చింది ఆ ఒక్క రాగమే, అమ్మది. గుమ్మం అవతల ఎవరో కిసుక్కుమన్నారు. ఇంకెవరో నోటికి చెయ్యి అడ్డం పెట్టుకున్నారు. ఆఖరికి పిన్ని కోడలు కూడా పెదవి కొరుక్కుని మొహం గోడకు తిప్పుకుంది. చెల్లెలికి వినపడింది. రాగం మధ్యలో తెగిపోయింది. అది బిక్కమొహం వేసుకుని నా వైపు చూసింది. నాకు జాలి కలగలేదు. కలగలేదని చెప్పడానికి నాకేం సిగ్గు లేదు.

పిన్నిని గమ్మున తీసుకుపోయారు.

అందరూ వెళ్ళాక, పెరట్లో అమ్మ తలస్నానం చేసి వచ్చింది. తడి చీర ఒక కొస నాకిచ్చి, రెండోది తను పట్టుకుంది. ఇద్దరం పిండుతున్నాం.

"ఒక మాట చెప్తా, దానిక్కూడా చెప్పు" అంది. "నేను బోయిన్నాడు మీరు రాగాలు తియ్యబాకండి. గమ్మునే తీసకపోండి."

"అదేందమ్మా?" అన్నాను.

"వీళ్ళు నవ్వుతుంటే నేను లేచి తిట్టలేను గదే" అంది.