మూడు నిమిషాల గీత

ఆయన పేరు నేను అడగలేదు. సూర్యాపేటలో బస్సెక్కినప్పటి నుంచి పక్క సీట్లో కూర్చుని ఫోన్‌ వైపే చూస్తున్నాడు. నల్లటి తెర మీద ఒక తెల్ల గీత నిదానంగా పాకుతోంది.

"ఏందన్నా అది?"

"మా దోస్తు. మఠంపల్లిల ఒక్కడే ఉంటడు. ఇద్దరికీ హామ్ రేడియో పిచ్చి. రోజూ పొద్దున సొంత రేడియోల టెలిగ్రాం లెక్క చుక్కలు, గీతలు పంపుతడు. మా ఇంట్ల కంప్యూటర్ పట్టుకుని గీడ సూపిస్తది."

వాళ్లు వాడే మరీ తక్కువ ఫ్రీక్వెన్సీలో సిగ్నల్ గరగరలో మునిగిపోతుందట, మాట వినపడదట. అందుకే ఒక్కో గీతను మూడు నిమిషాలు సాగదీస్తారట. అప్పుడు చెవికి అందనిది కంటికి కనిపిస్తుంది.

"కంప్యూటరే పంపే పద్ధతులు లేవా?"

"ఉన్నయ్. జల్ది అయితది. గుండె ఆపరేషన్ అయినంక ఆయనే వద్దన్నడు. మిషన్‌కు అప్పజెప్తే మనిషి పోయినా అది పంపుతనే ఉంటదన్నడు. చేత్తోనే మీట నొక్కుతడు. నొక్కి పట్టినంత సేపు గీత సాగుతది."

నేను మళ్లీ తెర చూశాను. "ఇది మూడు నిమిషాలు ఎప్పుడో దాటింది కదన్నా?"

"గంటన్నరైంది. ఫోన్ లేపుతలేడు. పక్కింటోళ్లకు పోయి చూడుమని చెప్పిన."

అడగకుండా ఉండాల్సింది అనిపించింది. మునగాల దాటేదాకా ఇద్దరం ఆ గీతనే చూస్తూ కూర్చున్నాం. కోదాడ బస్టాండులో బస్సు ఆగుతుండగా అది తెగింది.

"చెయ్యి తీసిండన్నా!" అన్నాను, నాకే ప్రాణం లేచొచ్చినట్టు.

ఆయన ఫోన్ జేబులో పెట్టుకుని లేచాడు.

"తీసిండో, ఎవరన్నా తీసిన్రో," అని మఠంపల్లి బస్సు కోసం దిగిపోయాడు.